ఎవరి బలం, ఎవరికి చెప్పిన మాట?

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం పదమూడో వచనం తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. ఆటో వెనక అద్దం మీద, కొత్త ఇంటి గుమ్మం పైన, పదో తరగతి పిల్లవాడి పరీక్ష అట్ట మీద అది కనిపిస్తూనే ఉంటుంది. తనను బలపరిచేవాని వల్ల దేనికైనా నిలబడగలనని పౌలు చెప్పిన చోటు అది. మనం దాన్ని గెలుపు మాటగా చదువుకుంటాం. పౌలు మాత్రం బంధకాల్లో ఉండి ఆ మాట రాశాడు. కడుపు నిండిన రోజునూ పస్తున్న రోజునూ ఒకేలా గడపడం నేర్చుకున్నానని చెబుతూ రాశాడు. దాని పక్కనే ఉన్న పద్నాలుగో వచనాన్ని గుమ్మం మీద రాయించుకున్నవాళ్లను నేను చూడలేదు. తన శ్రమలో పాలుపంచుకున్నందుకు ఆ సంఘాన్ని ఆయన అక్కడ మెచ్చుకుంటాడు. ఇంకాస్త కిందికి వస్తే, ఎపఫ్రొదితు చేత వాళ్లు పంపినవి అందాయని రసీదు ఇచ్చినట్టు రాస్తాడు. దేవుని బలం గురించి అంత గట్టిగా చెప్పిన మనిషి, ఆ బలం ఎవరి చేతుల మీదుగా తనదాకా వచ్చిందో పేరు పెట్టి మరీ చెప్పాడు.

స్వశక్తిని నమ్ముకోకుండా దేవుని మీద ఆనుకోమనే బోధ మన సంఘాల్లో వారం వారం వినిపిస్తుంది. దానికి అర్థం ఏమిటి, మనిషి ఎంతవరకు పాటుపడాలి, ఎక్కడ ఆగాలి అనే ప్రశ్న మీద మాత్రం క్రైస్తవ లోకం ఐదో శతాబ్దం నుంచి వాదించుకుంటూనే ఉంది. ఆ వాదనల్ని వరసగా పెట్టుకుని చదివితే నాకు ఒక సంగతి బలంగా తోచింది. బైబిల్లో ఈ మాట ముందుగా బలవంతుల చెవిన పడింది. సైన్యం ఉన్నవాడికి, ఖజానా ఉన్నవాడికి, దర్శనాలు చూసినవాడికి దేవుడు ఈ మాట చెప్పాడు. మనం దాన్ని తీసుకెళ్లి ఎక్కువగా ఏమీ లేనివాళ్లకు చెబుతున్నాం. ఈ బోధ చుట్టూ ఉన్న గందరగోళంలో సగం ఇక్కడే పుట్టిందని నా నమ్మకం.

గిద్యోను వెంట 32,000 మంది బయల్దేరారు. భయపడేవాళ్లు ఇళ్లకు వెళ్లొచ్చనగానే 22,000 మంది తిరిగిపోయారు. మిగిలిన 10,000 మందిని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు తాగిన తీరును బట్టి 300 మందిని ఏరమన్నాడు దేవుడు. ఎందుకో న్యాయాధిపతుల గ్రంథమే చెబుతుంది. గెలిచాక ఇశ్రాయేలు ఆ గెలుపును తన చేతి బలానికి కట్టబెట్టుకోకూడదు. అలాగని ఆ 300 మంది గుడారాల్లో పడుకుని అద్భుతం కోసం ఎదురుచూడలేదు. బూరలు, కుండలు, కుండల్లో దివిటీలు పట్టుకుని, మూడు గుంపులుగా చీలి, కావలివాళ్లు మారే వేళకు శత్రువు పాళెం అంచుకు చేరారు. ఇంత పకడ్బందీగా సాగిన రాత్రి దాడిని మనం పని మానేయడానికి సాక్ష్యంగా ఎలా చూపిస్తాం?

ఉజ్జియా కథ మన ప్రసంగాల్లో అంతగా వినబడదు. పదహారేళ్ల వయసులో రాజయ్యాడు. యెరూషలేములో బురుజులు కట్టించాడు, ఎడారిలో తొట్లు తొలిపించాడు. సేద్యమంటే ప్రాణం. బాణాలు, పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు తయారుచేయించి కోట బురుజుల మీద పెట్టించాడు. దినవృత్తాంతాల రెండో గ్రంథం ఈ పనుల్లో దేన్నీ తప్పుపట్టదు. అతనికి దొరికిన సహాయం ఆశ్చర్యం కలిగించేంత గొప్పదంటుంది. బాగా బలపడ్డాక ధూపం వేయడానికి తానే మందిరంలోకి చొరబడ్డాడు. ఎనభై మంది యాజకులు అడ్డం నిలిచినా వినలేదు. చెడింది అక్కడే. యంత్రం కట్టడం తప్పు కాలేదు. నాకు హద్దు లేదు అనుకోవడం తప్పయింది.

పౌలు ముల్లు సంగతీ ఇలాంటిదే. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆయన ముందు తనకు కలిగిన దర్శనాల గురించి చెప్పి, తర్వాతే ముల్లు గురించి చెబుతాడు. ఆ వరస ముఖ్యం. ఎక్కువగా హెచ్చిపోకుండా ఉండేందుకు తనకు ముల్లు వచ్చిందని ఆయనే అంటాడు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. కృప చాలుతుందనే జవాబు దొరికింది. ఆ జవాబు పైకి ఎక్కిన మనిషికి దొరికింది.

కిందపడ్డ మనిషికి దేవుడు ఏం చెప్పాడో చూడాలంటే ఏలీయా దగ్గరికి వెళ్లాలి. బదరీ చెట్టు కింద కూలబడి, ఇక ప్రాణం తీసేయమని అడిగాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. విశ్వాసం చాలడం లేదని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు తల దగ్గర పెట్టి లేపాడు. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినమన్నాడు. ఇక్కడ దేవుని బలం నిద్రగా, రొట్టెగా వచ్చింది. ఈ రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా మాట్లాడిన దేవుణ్ణి, ఒకే మాట అందరికీ వల్లించే దేవుడిగా మార్చేశామేమో అనిపిస్తుంది.

సంఘ చరిత్రలో ఈ ప్రశ్న మీద మొదటి పెద్ద తగవు పెలాగియస్, అగస్టీన్ల మధ్య వచ్చింది. పెలాగియస్ బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన తపోజీవి. దుర్మార్గుడని అతన్ని కొట్టిపారేయడం తేలిక, కానీ అది న్యాయం కాదు. మనం బలహీనులం, ఏం చేయగలం అంటూ పాపానికి సాకులు వెతికే క్రైస్తవుల్ని చూసి అతనికి మండింది. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే చేయగల శక్తీ ఇచ్చే ఉంటాడని వాదించాడు. ఆజ్ఞాపించేదీ నీవే, చేసే శక్తి ఇవ్వాల్సిందీ నీవే అనే ధోరణిలో అగస్టీన్ తన కన్ఫెషన్స్‌లో చేసిన ప్రార్థనను ఒక బిషప్పు తన ఎదుట చదివితే పెలాగియస్ తట్టుకోలేకపోయాడని అగస్టీన్ తర్వాత రాశాడు. అగస్టీన్‌కు పుస్తకాల వాదం కంటే ముందు సొంత అనుభవం ఉంది. మంచి ఏదో తెలిసీ అడుగు పడకపోవడం ఎలా ఉంటుందో 386లో మిలాన్ తోటలో ఏడ్చిన మనిషికి తెలుసు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో దక్షిణ ఫ్రాన్సులోని ఓరాంజ్ సభ కృపే ముందు అని తేల్చింది. అయితే బాప్తిస్మం పొందినవాళ్లు క్రీస్తు సహాయంతో నమ్మకంగా పాటుపడగలరు, పాటుపడాలి అని కూడా అదే సభ చెప్పింది. ఆ రెండో సగాన్ని మనవాళ్లు తరచు వదిలేస్తారు.

ఆ తర్వాతి వెయ్యేళ్ల వాదాలు దాదాపు ఈ పరిధిలోనే తిరిగాయి. 1524లో మనిషి స్వేచ్ఛ గురించి ఎరాస్మస్ రాస్తే, 1525లో మనిషి ఇచ్ఛ బందీ అని లూథర్ బదులిచ్చాడు. 1618, 1619ల్లో డోర్ట్ సభ ఆర్మీనియస్ అనుచరుల్ని ఖండించింది. వెస్లీ మళ్లీ మనిషి స్పందనకు చోటిచ్చాడు. తూర్పు సంఘాలు కృప, మానవ ప్రయాస కలిసి నడుస్తాయనే మాటను మొదటినుంచీ వదల్లేదు. కతోలికుల్లో 24 ఏళ్లకే 1897లో కన్నుమూసిన లిసియూ తెరేసమ్మ పరిశుద్ధత అనే మెట్లెక్కలేని చిన్నదాన్నని ఒప్పుకుని, ఆ రోజుల్లో సంపన్నుల ఇళ్లలోకి కొత్తగా వచ్చిన లిఫ్టుతో క్రీస్తు చేతుల్ని పోల్చింది. చదువు పెద్దగా లేని ఆ యువతిని 1997లో పోప్ రెండో జాన్ పాల్ సార్వత్రిక సంఘానికి గురువుల్లో ఒకరిగా ప్రకటించారు.

తెలుగు విశ్వాసుల నాలుక మీద ఇవాళ ఆడుతున్న మాటల మూలాలు తెలియాలంటే మాత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండు దగ్గర కాసేపు ఆగాలి. 1875లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ పట్టణంలో అక్కడి ఆంగ్లికన్ గురువు హార్ఫర్డ్ బాటర్స్‌బీ చొరవతో గుడారాల్లో కూటాలు మొదలయ్యాయి. అదే ఏడాది హానా విటాల్ స్మిత్ రాసిన సంతోషభరిత క్రైస్తవ జీవితపు రహస్యం అనే పుస్తకం వచ్చి ఖండాలు దాటింది. కెజిక్ బోధ సారం ఇది: రక్షణ విశ్వాసంతో వచ్చినట్టే పరిశుద్ధతా విశ్వాసంతోనే వస్తుంది, పెనుగులాట ఆపు, పూర్తిగా సమర్పించుకో, క్రీస్తే నీలో జీవిస్తాడు. చైనా బోధకుడు వాచ్‌మన్ నీ పుస్తకాల ద్వారా, కూటాల ప్రసంగాల ద్వారా ఈ భాష మన దగ్గరికీ వచ్చింది. మన సాక్ష్యాల్లో వినిపించే 'నేను చచ్చిపోయాను, ఇక ఆయనే' అనే ధోరణికి పౌలు ఎంత కారణమో ఈ ధార కూడా అంతే కారణం.

ఈ ధార నిజంగా కొందర్ని లేపి నిలబెట్టింది. చైనా ఇన్‌లాండ్ మిషన్ స్థాపకుడు హడ్సన్ టేలర్ 1869లో అలసట, తనమీద తనకే అసహ్యంతో నలిగిపోతున్నప్పుడు జాన్ మెకార్తీ అనే తోటి మిషనరీ ఉత్తరం అందింది. విశ్వాసం పెంచుకోవడానికి తంటాలు పడడం మాని, నమ్మదగినవాడి వైపు చూడమని దాని భావం. అక్కడినుంచి టేలర్ మారిపోయాడని దగ్గరివాళ్లంతా చెప్పారు. అయితే టేలర్ పని గంటలు తగ్గలేదు. 1900లో బాక్సర్ తిరుగుబాటులో ఆయన మిషన్‌కు చెందిన 58 మంది పెద్దలు, 21 మంది పిల్లలు చనిపోయారు. స్విట్జర్లాండ్‌లో జబ్బుపడి ఉన్న టేలర్‌కు ఆ తంతి వార్తలు ఒక్కొక్కటే చేరాయి. చదవలేను, ఆలోచించలేను, ప్రార్థన కూడా చేయలేను, నమ్మకం మాత్రం ఉంచగలను అనే స్థితికి వచ్చాడు. దేవునిలో విశ్రాంతి గురించి అంత చెప్పిన మనిషి కుప్పకూలడాన్ని ఓటమిగా చూసేవాళ్లు ఆ బోధను సగమే విన్నారంటాను.

కెజిక్ బోధ వల్ల గాయపడ్డవాళ్లూ ఉన్నారు. 1944లో ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థిగా చేరిన జె. ఐ. పాకర్ కొత్తగా విశ్వాసిగా మారి ఈ బోధ విన్నాడు. పూర్తిగా సమర్పించుకుంటే పాపం మీద జయం వస్తుందన్నారు. సమర్పించుకున్నాడు, రాలేదు. ఇంకా ఏదో దాచుకున్నానేమోనని లోపల తవ్వుకున్నాడు, మళ్లీ సమర్పించుకున్నాడు, మళ్లీ అదే. పనిచేయని మందుకు రోగిదే తప్పన్నట్టు తయారైంది వ్యవహారం. ఆ సమయంలో విద్యార్థి క్రైస్తవ సంఘానికి ఎవరో దానంగా ఇచ్చిన పాత పుస్తకాల్లో జాన్ ఓవెన్ సంపుటాలు కనిపించాయి. వాటిలో కొన్నింటికి పేజీలు కూడా విడదీయలేదు. 17వ శతాబ్దపు ప్యూరిటన్ ఓవెన్ చెప్పింది సూటిగా ఉంది: పాపంతో పోరు చచ్చేదాకా ఉంటుంది, ఆత్మ శక్తితో నువ్వే పోరాడాలి. నాకు మతి నిలిచింది దాంతోనే అన్నట్టు పాకర్ ఆ తర్వాత పదేపదే చెప్పాడు. 1955లో కెజిక్ బోధ మీద ఆయన రాసిన విమర్శ చాలా ఘాటుగా ఉంటుంది. అదే పాకర్ ముసలితనంలో, 2013లో, బలహీనతే దారి అనే అర్థం వచ్చే పేరుతో కొరింథు రెండో పత్రిక మీద చిన్న పుస్తకం తెచ్చాడు. కొన్నేళ్లకు కంటిచూపు పోయి చదవడం రాయడం ఆగిపోయాయి. అప్పుడు కూడా ఆయన ఫిర్యాదు చేయలేదు. పోరాడమన్నవాడూ బలహీనత దారి అన్నవాడూ ఒకడే కావడంలో నాకు వైరుధ్యం కనబడదు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో, రక్షణను భయంతో కొనసాగించుకోమని చెప్పిన పౌలు, అందుకు కావలసిన ఇచ్ఛా క్రియా దేవునివే అని ఒకే ఊపిరిలో అన్నాడు.

ఇక డబ్బు సంగతి. బ్రిస్టల్‌లో 1836లో అనాథ గృహం తెరిచిన జార్జ్ ముల్లర్ పేరు తెలియని తెలుగు సేవకుడు అరుదు. ఎవరినీ అడగలేదు, దేవునికే చెప్పుకున్నాడు, 10,000 మందికి పైగా పిల్లలు ఆ నీడన పెరిగారు. మన ప్రసంగాల్లో ఇంతవరకే వినిపిస్తుంది. ముల్లర్ ప్రతి ఏడూ అచ్చువేయించిన నివేదికల గురించి ఎవరూ చెప్పరు. వచ్చిన ప్రతి పైసాకూ అంకె వేసి రసీదు, ఖర్చైన ప్రతి పైసాకూ లెక్క. 1841 చివర్లో చేతిలో డబ్బు లేని సమయంలోనే బహిరంగ సభ పెట్టి నివేదిక వినిపించాల్సిన గడువు వచ్చింది. లేమిలో నివేదిక ఇస్తే అది అడుక్కోవడంలా కనబడుతుందని సభనూ ముద్రణనూ వాయిదా వేశాడు. అడగకుండా అడిగే పద్ధతులు ఎన్ని ఉన్నాయో ఆయనకు బాగా తెలుసు. వాటిని తనకు తానే మూసుకున్నాడు.

ముల్లర్ భార్య మేరీ అన్న ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో మంచి రాబడి ఉన్న దంత వైద్యుడు, అదంతా వదిలి బాగ్దాద్ మీదుగా భారతదేశం వచ్చాడు. ఆయన పిలుపు మీద 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఇంగ్లండులోని డెవన్ నుంచి ఏ సొసైటీ జీతమూ లేకుండా వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. విశ్వాసంతో జీవించడం అనే పద్ధతి మన నేల మీద అలా నాటుకుంది. ఒక శతాబ్దం తర్వాత పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ దాన్నే మద్రాసులో, 1950 నుంచి హైదరాబాదు హెబ్రోనులో కొనసాగించారు. పరిశుద్ధ సమావేశాల్లో వేలమందికి పందిళ్లలో భోజనం పెట్టారు, చందాల పిలుపు ఇవ్వలేదు. వంటశాలలో తెల్లవారుజామునుంచి కూరగాయలు తరిగిన విశ్వాసుల చేతులే ఆ పంక్తులు నడిపాయి. 2000 సెప్టెంబరులో కన్నుమూసేముందు ఆయన చాలా ఏళ్లు మంచం మీదే ఉన్నారు. అప్పుడూ విశ్వాసులే ఆయన్ని చూసుకున్నారు.

నాకు ఈ మొత్తం ప్రశ్నకు దగ్గరి జవాబు ఒంగోలులో దొరుకుతుంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఫలితం లేదని మూసేయాలనే ఆలోచన బోస్టన్‌లో మళ్లీ మళ్లీ వచ్చింది. 1854 జనవరి ఒకటిన తెల్లవారకముందే లైమన్ జువెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఆ కొండనే ప్రార్థన కొండ అంటున్నాం. 1866లో ఆ మిషన్ తరఫున జాన్ క్లవ్ ఒంగోలు వచ్చాడు. ఆ ఏడాదే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. యోగసాధన చేసిన మాదిగ పెద్ద ఆయన. ఆయనా తోటి బోధకులూ ఊరూరూ నడిచి తమవాళ్ల మధ్య సువార్త చెప్పారు. పదేళ్లకు 1876-78 కరువు వచ్చింది. క్లవ్ పూర్వాశ్రమంలో సర్వే పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. మేస్త్రీలుగా తన బోధకుల్ని పెట్టాడు, మాదిగ కూలీల్ని ఎవరూ తిట్టి తరమకుండా, కూలి ఎగ్గొట్టకుండా.

ఆ కాలమంతా వేలమంది బాప్తిస్మం అడుగుతున్నా క్లవ్ ఏడాదికి పైగా ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బుంది, ఎదుట ఆకలితో జనం ఉన్నారు. ఆ బలంతో సంఘపు లెక్క పెంచుకోవడం నిమిషాల పని. దాన్నే ఆయన ఆపాడు. కరువు సాయం పంపిణీ అయిపోయిందని తెలియజేశాకే తలుపు తెరిచాడు. అప్పుడూ వాళ్లు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున నీళ్లలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఈ కదలికకు సామాజిక కారణాలు చూపే చరిత్రకారులున్నారు. కులం కింద నలిగినవాళ్లు గౌరవం వెతుక్కున్నారని చెబుతారు. అది నిజమే. అందులో దేవుని హస్తానికి తగ్గిందేమీ లేదు. ఈ కథలో దేవుని బలం మీద ఆనుకోవడం ప్రార్థన కొండ దగ్గర కంటే, బాప్తిస్మాలు ఆపిన ఆ నెలల్లో నాకు ఎక్కువ స్పష్టంగా కనబడుతుంది. సర్వే చదువును క్లవ్ దాచుకోలేదు, పూర్తిగా వాడాడు. ఆకలి మీద తనకున్న అధికారాన్ని మాత్రం వాడలేదు. ఫలితం తనది కాదనుకున్న మనిషే అలా చేయగలడు.

ఇప్పుడు బలహీనుల వైపు నుంచి. 1960లో వలెరీ సేవింగ్ అనే అమెరికన్ పండితురాలు జర్నల్ ఆఫ్ రిలిజియన్‌లో ఒక వ్యాసం రాశారు. గర్వమే మూల పాపం, స్వార్థం వదులుకోవడమే విమోచన అని రాసే వేదాంతులు మగవాళ్ల అనుభవం నుంచి మాట్లాడుతున్నారని, ఇంటిల్లిపాదికీ తనను తాను పంచి ఇచ్చి మిగలకుండా పోయే స్త్రీకి ఆ బోధ మందు కాకపోగా జబ్బును ముదరబెడుతుందని ఆమె వాదం. 1980ల ప్రారంభంలో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం గురించి మాట్లాడినప్పుడు ఇదే రకమైన ప్రశ్న భారత సంఘం ముందుకొచ్చింది. తనకు బలం ఉందని తలచే హక్కు కూడా తరతరాలుగా దక్కనివాడికి, స్వశక్తిని నమ్మకు అనడంలో అర్థం ఏముంది? పేరయ్య వెంట వచ్చినవాళ్లకు సువార్త ముందు ఇచ్చింది, తాము దేవుని ఎదుట తల ఎత్తి నిలబడగలవాళ్లమన్న ఎరుక. తాగి వచ్చి కొట్టే భర్తను సహించు, ప్రార్థించు, నీ బలంతో ఏదీ చేయకు అని భార్యకు చెప్పే పెద్దలు, తన కండబలాన్ని నమ్ముకుంటున్న ఆ భర్త ఎదుట నోరు విప్పకపోతే, వాళ్లు దేవుని మాటను తలకిందులు చేసినట్టే.

మందుల విషయంలోనూ ఇదే. శుక్రవారం ఉపవాస కూటంలో షుగర్ బిళ్లలు మానేసి కూర్చునే అమ్మలున్నారు. ఆసా రాజు వైద్యుల్ని ఆశ్రయించి చెడ్డాడని వాళ్లకు వచనం చూపిస్తారు. ఆ అధ్యాయం మొదటినుంచి చదవాలి. ఒకప్పుడు కూషీయుల మహాసైన్యం మీదికి వస్తే ఆసా దేవునికి మొరపెట్టినవాడు. తర్వాత మందిరపు వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపి కొనుక్కున్న సాయంతో గట్టెక్కాడు. తప్పని చెప్పిన హనానీని బందీఖానాలో వేశాడు, ప్రజల్లో కొందర్ని బాధించాడు. కాళ్ల జబ్బు వచ్చేనాటికి అతను దేవుని మాట వినడం ఎప్పుడో మానేశాడు. వైద్యుల ప్రస్తావన ఆ మొండితనానికి చివరి ఉదాహరణ. ప్రవక్త యెషయా హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద పెట్టించాడు. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొద్దిగా పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు. ఆ పౌలు పక్కన లూకా అనే వైద్యుడు ఉన్నాడు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచిన డాక్టర్ ఇసబెల్ కెర్ చేతిలో సూదీ మందూ ఉన్నాయి. ఆ ఆసుపత్రికి డబ్బిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఇన్సులిన్ మానేయమని చెప్పే బోధకుడు ఆ అమ్మ కిడ్నీలు దెబ్బతింటే ఆమెతో డయాలిసిస్‌కు వెళ్లడు. మనసు కుంగి మందులు వాడుతున్న కుర్రవాడిని విశ్వాసం లేదని తిట్టేవాళ్లు, ఏలీయా తల దగ్గర రొట్టె పెట్టిన దూతను తలచుకోవాలి.

కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకోవడం మనకు ఎంతో ఇష్టమైన ఆచారం. నాకూ ఇష్టమే. ఆ కార్డుల్లో ఆశీర్వాదాలు, హెచ్చింపు, శత్రువుల మీద జయం ఎక్కువ కనిపిస్తాయి. బలవంతుణ్ణి తగ్గించే వచనం ఎప్పుడో గాని రాదు. విత్తనం వేయండి, వందంతలు కోయండి అనే బోధ ఈ ఆకలి మీదే పెరిగింది. దేవుని బలం అంటూనే, ఆ బలాన్ని నా కోరిక తీర్చే పనిముట్టుగా పట్టుకోవడం స్వశక్తికి మరో రూపం. పెలాగియస్ అయినా మనిషిని పవిత్రుణ్ణి చేయాలనుకున్నాడు. ఈ బోధ అంత దూరం కూడా ఆలోచించదు.

చివరగా, మన ఊళ్లలో విశ్వాస జీవితం మీద సేవ చేస్తున్న స్వతంత్ర సంఘాల కాపరుల సంగతి. జీతం లేదు, పీఎఫ్ లేదు, ఆసుపత్రి ఖర్చుకు బీమా లేదు. ఆదివారం కానుక, పంట ఇంటికొచ్చినప్పుడు ఒక బస్తా బియ్యం, అంతే. వాళ్లలో చాలామంది ఈ దారిని తెలిసే, ప్రేమతో ఎంచుకున్నారు. వాళ్ల త్యాగం ముందు నేను తల వంచుతాను. కాని ఆ దారి కాపరి ఎంచుకున్నది, సంఘం ఆయన మీద మోపేది కాదు. దేవుడే చూసుకుంటాడని సంఘం అనే చోట, చూసుకోవడానికి దేవుడు పంపిన ఎపఫ్రొదితు ఆ సంఘమే. ముల్లర్‌ను ఆదర్శంగా చెప్పే పెద్దలు ఆయన రసీదు పుస్తకాన్నీ అచ్చు నివేదికనూ కూడా తీసుకోవాలి. వచ్చిన కానుకలెంత, ఖర్చెంత అనే లెక్క ఏడాదికొకసారి సంఘమంతా వినేలా చదవాలి. దశమభాగంలో ఒక వంతు కాపరి వృద్ధాప్యానికి వేరే ఖాతాలో పడాలి. కాపరి ముందు కన్నుమూస్తే ఆయన భార్య ఏ ఇంట్లో ఉండాలి, పిల్లల ఫీజులు ఎవరు కట్టాలి అన్నది ఆయన బతికుండగానే తీర్మానం రాసుకోవాలి. పంట చేతికొచ్చాక కృతజ్ఞతా కూడికలు ఎలాగూ జరుగుతాయి. ఈ మూడు విషయాలూ అక్కడే ఎజెండాలో పెట్టవచ్చు.